మాంటిల్ పేరు పసుపా, తెలుపా? పాత బేస్‌బాల్ కార్డులపై మీ ప్రశ్నలు

పోయిన సంచికలో పాత అగ్గిపెట్టె లేబుళ్ల గురించి రాస్తూ, అమెరికాలో బేస్‌బాల్ కార్డుల మీద కూడా ఇలాగే ప్రింటింగ్ తేడాలు వెతుకుతారని ఒక్క ముక్క అన్నాను. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగం దాని మీదే. మన కోనసీమలో అమెరికాలో ఎవరూ లేని వీధి లేదు. అక్కడ పాత సామాన్ల అమ్మకాల్లో కొన్న ఆల్బమ్‌లు సూట్‌కేసుల్లో ఇక్కడికి చేరుతున్నాయి. కొత్త పాఠకుల కోసం చెబుతున్నాను: ఇవి ఆటగాళ్ల బొమ్మలున్న చిన్న అట్టముక్కలు. మొదట్లో సిగరెట్ పెట్టెల్లో, తర్వాత బబుల్‌గమ్ పొట్లాల్లో పెట్టి ఇచ్చేవారు. టాప్స్ అలా కార్డులు వేసిన బబుల్‌గమ్ కంపెనీ, మాంటిల్ ఆ రోజుల్లో బాగా పేరున్న ఆటగాడు. నేను పాలకొల్లులో ఒక ప్రెస్‌లో 31 ఏళ్లు ఆఫ్‌సెట్ మిషన్ నడిపినవాణ్ని. కార్డు చేతికొస్తే ఆటగాడి కన్నా ముందు నాకు దాన్ని అచ్చువేసిన ప్లేటు, అంటే మిషన్‌కి బిగించే బొమ్మ రేకు, కనిపిస్తుంది. ఆ కంటితోనే జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: బాబాయి గారూ, మా అన్నయ్య న్యూజెర్సీ నుంచి తెచ్చిన ఆల్బమ్‌లో మికీ మాంటిల్ కార్డులు రెండున్నాయండి. రెండూ టాప్స్ కంపెనీ 1969వే, నంబరు 500. ఒకదాంట్లో ఇంటిపేరు పసుపు అక్షరాల్లో ఉంది, రెండోదాంట్లో తెల్లగా ఉంది. ఎండకి వెలిసిపోయిందని మావారు అంటున్నారు. తెల్లదే ఖరీదని అన్నయ్య అంటున్నాడు. ఎవరి మాట నిజం?
*ఒక గృహిణి, అంబాజీపేట*

జవాబు: అమ్మా, ఇద్దరి మాటా నిజం కావచ్చు. అందుకే కార్డుని సరిగ్గా చూడాలి. 1969 టాప్స్ కార్డుల్లో 426 నుంచి 512 వరకు ఉన్న వరసలో కొన్నిటికి తెల్ల అక్షరాల రకం నిజంగానే ఉంది. నంబరు 500 మాంటిల్ వాటన్నిట్లోకీ పేరున్నది. పసుపు అక్షరాలది మామూలు కార్డు. తెల్లది అరుదు, ధర కూడా చాలా ఎక్కువ. అలాగని తెల్లగా కనబడిన ప్రతి కార్డూ అదే అనుకోకండి.

రంగుల అచ్చు అంటే నాలుగు ఇంకులే: పసుపు, ఎరుపు, నీలం, నలుపు. పసుపు అక్షరం కావాలంటే ఆ అక్షరం మేర మిగతా ప్లేట్లను ఖాళీగా వదిలి, పసుపు ఒక్కటే పడనిస్తాం. ఆ పసుపు ప్లేటులో అక్షరం లేకపోతే కింద ఉన్న అట్ట తెలుపు బయటపడుతుంది. నిజమైన తెల్ల అక్షరాల కార్డు ఇలా పుట్టిందే. అందులో పసుపు పోయింది అక్షరాల్లో మాత్రమే. ముఖం మీదా, గడ్డి మీదా పసుపు ఎక్కడిదక్కడ నిక్షేపంగా ఉంటుంది.

ఎండ పని అలా ఉండదు. సెంటర్లో గోడ మీద రెండు నెలలు ఉన్న సినిమా పోస్టర్ని గుర్తు తెచ్చుకోండి. హీరో ముఖం నీలంగా మారిపోతుంది. పసుపు, ఎరుపు ముందు వెలిసిపోతాయి, నీలం, నలుపు నిలబడతాయి. ఎండ అక్షరాల వరకే వచ్చి ఆగదు కదా. కాబట్టి రెండు కార్డులూ పక్కపక్కన పెట్టి మాంటిల్ బుగ్గ చూడండి. తెల్ల అక్షరాల కార్డులో కూడా బుగ్గ రంగు రెండోదానిలాగే ఉంటే అన్నయ్య మాటకు బలం వచ్చినట్టే. బుగ్గ పాలిపోయి నీలిరంగు దిగితే మీవారి మాటే నిజం.

మూడో సంగతి కూడా ఉంది, జాగ్రత్త. కొందరు పసుపుని మందుతో తుడిచేసి తెల్ల అక్షరం తయారుచేస్తారు. ప్రెస్సుల్లో వాడే 10ఎక్స్ లెన్సు మీ ఊళ్లో ఏ ఫోటో స్టూడియోలో అడిగినా దొరకవచ్చు. దాంతో అక్షరాల అంచులు చూడండి. మూలల్లో పసుపు చుక్కలు మిగిలి ఉన్నా, అక్కడి అట్ట నూగు లేచినట్టు గరుగ్గా ఉన్నా అది చేతిపని. కార్డుని దీపానికి ఏటవాలుగా పట్టుకుంటే ఆ మేర మెరుపు చచ్చి ఉండటం కూడా తెలుస్తుంది.

1958 టాప్స్‌లో ఇదే కథ తిరగబడింది. మొదటి వరస కార్డుల్లో కొన్నిటికి మామూలుగా తెల్లగా ఉండే పేరో, జట్టు పేరో పసుపులో పడింది. అక్కడ పసుపుదే అరుదు. ఏ ఏడాది కార్డో చూడకుండా ఫలానా రంగుకే విలువ అని ఎవరైనా చెబితే నమ్మొద్దు.

ప్రశ్న: మాస్టారూ, నా దగ్గరున్న ఒక కార్డులో ఆటగాడి బుగ్గ మీద చిన్న చుక్క, దాని చుట్టూ తెల్లటి వలయం ఉన్నాయి. ఇంకోదాంట్లో రంగులు పక్కకి జరిగి పెదాలు రెండుగా కనిపిస్తున్నాయి. ఇవి కూడా వేరియేషన్లేనా?
*ఇంటర్ విద్యార్థి, రాజోలు*

జవాబు: కావు బాబూ. ఒకే కార్డుకి ప్లేటులోనే తేడా వచ్చి పుట్టిన రెండో రకాన్ని వేరియేషన్ అంటాం. కానీ నీ ప్రశ్న చాలా మంచిది. ఈ మొత్తం వ్యవహారంలో అడగాల్సింది ఒక్కటే: ప్లేటు మారిందా, మిషన్ తడబడిందా?

బుగ్గ మీద వలయం అంటే ప్లేటు మీదో, ప్లేటు నుంచి ఇంకు తీసుకుని కాగితానికి దించే రబ్బరు బ్లాంకెట్ మీదో ఎండిన ఇంకు పొరో, దుమ్ము రేణువో అంటుకుంది. రేణువు ఎత్తుగా ఉండటం వల్ల దాని చుట్టూ ఇంకు తగల్లేదు. మిషన్ ఆపి తుడిచేస్తే పోతుంది. రోజుకి పదిసార్లు చేసే పని అది.

రంగులు జరగడం గురించి మన డెల్టాలో అచ్చు పని చేసినవాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు. శ్రావణమాసంలో కాగితం తేమ పీల్చి వెంట్రుక వాసి పెరుగుతుంది. నిన్న పసుపు వేసి ఇవాళ నీలం వేస్తే రెండూ ఒకచోట కూర్చోవు. అమెరికాలోనూ కాగితం కాగితమే. ఇలాంటి తడబాటు షీటుకో రకంగా ఉంటుంది కాబట్టి దానికి ప్రత్యేకంగా విలువ కట్టరు. పైగా కార్డు ధర తగ్గిస్తారు.

తేడా తెలుసుకోవాలంటే అదే కార్డు ఇంకో నాలుగైదు చూడాలి, కనీసం ఫొటోల్లో. అదే చోట అదే ఆకారంలో మచ్చ మళ్లీ మళ్లీ కనబడితే అది ప్లేటులోనే ఉందన్నమాట. అలాంటివాటిని ఇష్టంగా పోగుచేసేవాళ్లున్నారు. ఒక్కదాంట్లోనే ఉంటే మిషన్ దగ్గర జరిగిన పొరపాటు.

మిషన్ తడబాటు కూడా పెద్ద పేరు తెచ్చుకున్న సందర్భం ఒకటుంది. 1990 టాప్స్‌లో నంబరు 414, ఫ్రాంక్ థామస్. కొన్ని కార్డుల్లో ముందువైపు అతని పేరే లేదు. పేరు ఉండాల్సిన చోటు ఖాళీ. నల్ల ఇంకు దగ్గర ఏదో అడ్డుపడటం వల్ల ఆ మేర అచ్చు పడలేదు. అదెలా తెలిసిందంటే, షీటులో దాని చుట్టుపక్కల ఉన్న కార్డుల్లో కూడా నల్ల గీతలు అక్కడక్కడా తెగిపోయి దొరికాయి.

ఆ సంగతి మొదటిసారి చదివినప్పుడు నా గుండె ఒక్కసారి ఆగినంత పనైంది. 1996 మాఘమాసంలో ఒక పెళ్లి శుభలేఖ వేస్తున్నాను. షీటుకి కిందా పైనా రెండు కార్డులు. ఎక్కడిదో చిన్న కాగితం ముక్క ప్లేటుకి అంటుకుని తడి పీల్చుకుంది. తడి ఉన్నచోట ఇంకు పట్టదు. పై కార్డులో కల్యాణ వేదిక ఊరి పేరు ఎగిరిపోయింది. కింది కార్డులో ‘శ్రీరస్తు’ సగమే పడింది. మూడొందల షీట్లు పోయాక చూశాను. అప్పటికే కొన్ని కట్టలు పెళ్లివారింటికి చేరిపోయాయి. ఆ తండ్రి కార్డు పట్టుకుని ప్రెస్ గుమ్మంలో నిలబడిన తీరు నేను మర్చిపోలేదు. రాత్రికి రాత్రి మళ్లీ వేసి ఇచ్చాం. థామస్ కార్డు పక్కవాటిలో గీతలు తెగాయని చదవగానే నాకు ఆ సగం ‘శ్రీరస్తు’ కళ్ల ముందు మెదిలింది.

ప్రశ్న: 1952 మాంటిల్ కార్డు ఒకటి వంద కోట్లు పలికిందని పేపర్లో చదివాను. ఆ కార్డులోనే రెండు రకాలున్నాయట. ఒకే ఏడాది, ఒకే నంబరు, ఒకే బొమ్మ. రెండు రకాలెలా అవుతుందండి?
*రిటైర్డ్ లెక్కల టీచరు, నరసాపురం*

జవాబు: నమస్కారం మాస్టారూ. మీరు విన్నది నిజమే. 2022 ఆగస్టులో ఒక మాంటిల్ కార్డు కోటీ 26 లక్షల డాలర్లకు పోయింది. ఇక రెండు రకాల సంగతి లెక్కలవారు అడిగారు కాబట్టి లెక్కతోనే చెబుతాను.

1952 టాప్స్‌లో మొత్తం 407 కార్డులు. వాటిలో ఆఖరి విడత 311 నుంచి 407 వరకు. ఎన్నయ్యాయి? 97. అచ్చు షీటులో చోటు 100 కార్డులకి. మూడు గళ్లు మిగిలాయి. ఏ ప్రెస్‌వాడూ అట్టని ఖాళీగా వదలడు. మేమైతే మిగిలిన చోట విజిటింగ్ కార్డులు పెట్టేసేవాళ్లం. వాళ్లు 311 మాంటిల్, 312 జాకీ రాబిన్సన్, 313 బాబీ థామ్సన్, ఈ ముగ్గురినీ రెండోసారి పెట్టారు. షీటు నిండింది.

రెండో గడికి బొమ్మని మళ్లీ అమర్చాలి. అమర్చే చేయి ఎంత నేర్పుగలదైనా రెండూ అచ్చంగా ఒకేలా రావు. అందుకే ఈ మూడు కార్డుల్లో రెండేసి రకాలు కనిపిస్తాయి. సులువుగా పట్టుకోవాలంటే కార్డు వెనక్కి తిప్పండి. నంబరు ఒక బంతి బొమ్మలో ఉంటుంది. ఆ బంతి మీద కుట్లున్నాయి చూశారా, ఒక రకంలో అవి కుడివైపు చూస్తాయి, రెండో రకంలో ఎడమవైపు. మామూలు కంటికి దాదాపు ఆనవు. లెన్సు పెట్టాక మాత్రం ఇంత స్పష్టంగా ఉన్నదాన్ని ఎలా వదిలేశామా అనిపిస్తుంది. నేను మా తమ్ముడి కొడుకు పంపిన ఫొటోల్లో మొదటిసారి చూసినప్పుడు గంటసేపు వాటినే అటూ ఇటూ పోల్చుకుంటూ కూర్చున్నాను.

మీ దగ్గర ఆ ఏడాదివి చిన్న నంబర్లుంటే వెనక అక్షరాల రంగు కూడా చూడండి. 1 నుంచి 80 వరకు ఎర్ర అచ్చుతో ఒకసారి, నల్ల అచ్చుతో ఒకసారి వేశారు. 48 జో పేజ్, 49 జానీ సెయిన్ కార్డుల్లో ఒకరి జీవిత వివరాలు ఇంకొకరి వెనక పడ్డ రకం ఉంది. తర్వాత సరిచేశారు. తప్పుదీ, దిద్దినదీ రెండూ బయట ఉన్నాయి కాబట్టి దాన్ని వేరియేషన్ అంటాం.

ప్రశ్న: 1957 టాప్స్ హాంక్ ఆరన్ కార్డు, నంబరు 20. ఆయన కుడిచేతి ఆటగాడు, బొమ్మలో ఎడమచేత్తో ఆడుతున్నట్టుంది. మంచి ధర వస్తుందా?
*భీమవరం నుంచి*

జవాబు: ఆయన పేరుకి తగ్గ ధర వస్తుంది, తప్పు వల్ల అదనంగా రాదు. ఫిల్ముని తిరగేసి పెట్టేశారు. చొక్కా మీద 44 కూడా అద్దంలో చూసినట్టుంటుంది. ఆ తప్పుని కంపెనీ దిద్దలేదు. ఆ ఏడాది ఆరన్ కార్డులన్నీ అంతే.

ప్రశ్న: 1962 టాప్స్ కార్డులు కొన్ని ఆకుపచ్చగా ఉన్నాయి. మా పెంకుటింట్లో చెమ్మకి పాచి పట్టిందేమోనని భయంగా ఉంది.
*తణుకు నుంచి*

జవాబు: భయపడకండి. నంబర్లు చూడండి. 110 నుంచి 196 మధ్యవైతే వాటిలో ఆకుపచ్చ ఛాయ రకం ఒకటి ఉంది. ఆ వరసని రెండోసారి అచ్చు వేసినప్పుడు బొమ్మల రంగు అలా వచ్చింది. రంగు ఒక్కటే చూసి తేల్చకండి. బొమ్మని మళ్లీ తయారుచేశారు కాబట్టి కొన్నిటికి అంచుల దగ్గర కోత కొంచెం మారింది, కొన్నిటికి బొమ్మే మారిపోయింది. నంబరు 174 కార్ల్ విల్లీ ఒకదాంట్లో టోపీతో ఉంటాడు, ఇంకోదాంట్లో టోపీ లేకుండా. పాచి అయితే వేలికి తగులుతుంది, వాసన వస్తుంది.

ప్రశ్న: అన్నయ్యా, ఆన్‌లైన్‌లో హోనస్ వాగ్నర్ అనే పాతకాలం ఆటగాడి కార్డు రెండు వేలకి దొరికింది. 1909 నాటిదని రాశారు. టెన్షన్‌గా ఉంది, అసలుదేనా?
*రావులపాలెం నుంచి*

జవాబు: తమ్ముడూ, కాదు. అసలు వాగ్నర్ 2022లో 72 లక్షల 50 వేల డాలర్లకు అమ్ముడైంది. కానీ నీ చేతిలో ఉన్న నకలుతో మంచి పాఠం నేర్చుకోవచ్చు, పారేయకు. టి206 అని పిలిచే ఆ కార్డులు 1909 నుంచి 1911 వరకు అమెరికన్ టుబాకో కంపెనీ సిగరెట్ పెట్టెల్లో వచ్చాయి. అవి లితో అనే పాత అచ్చు పద్ధతిలో వేసినవి. కింద పేరున్న అక్షరాలు లెన్సులో చూస్తే గీసిన గీతలా నిండుగా ఉంటాయి. నీ కార్డులో అక్షరం చుట్టూ రంగురంగుల చుక్కలు చేరి ఉంటాయి, చూడు. అసలు కార్డుని ఫొటో తీసి మళ్లీ నాలుగు రంగుల్లో వేస్తే అక్షరం కూడా చుక్కలైపోతుంది.

ఆ కార్డుల వెనక 16 రకాల పొగాకు బ్రాండ్ల ప్రకటనలుంటాయి. ఏ బొమ్మ వెనక ఏ బ్రాండ్ ఉందన్నదే ఒక పెద్ద వేట. ప్లేటు దిద్దిన ముచ్చట కూడా ఉంది: షెర్రీ మేగీ అనే ఆటగాడి పేరులో ఒక అక్షరం తప్పు పడితే త్వరలోనే సరిచేశారు. ఆ ఒక్క అక్షరం తప్పున్న కార్డు ఇప్పుడు అసాధ్యమైన ధర.

ప్రశ్న: మా నాన్నగారి కార్డులు పాడవకుండా లామినేషన్ చేయిద్దామనుకుంటున్నాం.
*సఖినేటిపల్లి నుంచి*

జవాబు: దయచేసి చేయించకండి. వేడికి ఇంకూ, అట్టా ప్లాస్టిక్‌లో కలిసిపోతాయి, ఇక విడదీయలేరు. కుట్లు ఎటు ఉన్నాయో, అక్షరంలో చుక్కలున్నాయో లేదో కూడా సరిగ్గా చూడలేరు. మెత్తటి పీవీసీ కవర్లు మన ఉక్కకి జిగురుగా మారి అంటుకుంటాయి, వాటి బదులు పాలీప్రొపిలీన్ కవర్లు తీసుకోండి. రబ్బరు బ్యాండు వేయొద్దు. డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు పెట్టి, గోడకి ఆనకుండా బీరువా పై అరలో పెట్టండి. వంగినవాటిని ఇస్త్రీ చేయకండి. వానాకాలం అయ్యాక కార్తీకంలో ఒకసారి తీసి, నీడలో గాలి తగలనిచ్చి మళ్లీ సర్దుకోండి.