రాత్రి రెండింటికి రాసిన జవాబు

చిరంజీవి మేనల్లుడికి అత్తయ్య ఆశీర్వదించి రాస్తున్నది.

నీ మెసేజ్ పొద్దున్నే చూశాను. రాత్రి రెండింటికి పంపావు. నీ సినిమా మీద వచ్చిన రివ్యూ, దానికి నువ్వు రాసిన జవాబు, చివర్లో 'పెట్టెయ్యనా అత్తా?' అని ఒక ప్రశ్న. రివ్యూ నాలుగు పేరాలుంది, నీ జవాబు పదకొండు పేరాలుంది. ఆ లెక్క చూసే చెప్పేస్తున్నా, పెట్టకు. ఎందుకో ఫోన్లో చెప్పబోతే మధ్యలో వంద సార్లు అడ్డుపడతావు, అందుకని ఉత్తరం రాస్తున్నా.

నేనూ ఒకసారి ఆ పని చేశాను. అప్పుడు నాకు ముప్పై ఒకటి. ఇంకా ఎడిటింగ్‌లోకి రాలేదు, నాటకాలే. ఒక నాటకంలో తల్లి వేషం వేశాను. మర్నాడు ఒకాయన 'ఆమె ఏడుస్తున్నంతసేపూ జనం గడియారాలు చూసుకున్నారు' అని రాశాడు. ఒక్క వాక్యం. నేను మూడు పేజీల ఉత్తరం రాసి పడేశాను. ఆయన ఏం చేశాడో తెలుసా? అక్షరం మార్చకుండా మొత్తం అచ్చేశాడు. కింద తన మాట ఒక్కటి కూడా చేర్చలేదు. అవసరం లేదు కదా, నేనే అంతా చేసిపెట్టాను. నాటకం చూడనివాళ్లు కూడా ఆ ఉత్తరం చదివారు. ఆ ఏడాది పొడుగునా ఎక్కడికెళ్లినా 'ఆ ఉత్తరం రాసింది మీరేనా' అనేవాళ్లే. నా పక్కన ఎవరైనా వాచీ చూసుకుంటే చాలు, కడుపులో దేవినట్టుండేది.

చాలా ఏళ్లకు గానీ ఒక సంగతి బుర్రకెక్కలేదు. రివ్యూ నీకు రాసింది కాదురా. టికెట్ కొనాలా వద్దా అని ఆలోచించే మనిషికి రాసింది. వాళ్లిద్దరూ మాట్లాడుకుంటుంటే తలుపు చాటున విని మధ్యలో దూరినట్టుంటుంది నీ జవాబు. స్టేజీ మీద నువ్వుండగా కింద నుంచి ఒకడు అరిచాడనుకో, అది వేరు. వాడు నీతోనే మాట్లాడుతున్నాడు, అదీ అందరి ముందు. అక్కడ బెల్లం కొట్టిన రాయిలా నిలబడితే హాలు నీ చేతిలోంచి జారిపోతుంది. నువ్వేమో రెండూ ఒకటే అనుకుంటున్నావు. పోయిన నెల నీ స్టాండప్‌కి వచ్చాను కదా, ముందు వరసలో ఒకడు మూడుసార్లు అడ్డుపడితే మూడుసార్లూ వినపడనట్టు నటించావు. రివ్యూ రాసినాయనకు మాత్రం పదకొండు పేరాలు!

కోర్టుకెళ్తానని కూడా ఆ పదకొండో పేరాలో రాశావు. 1877లో ఇంగ్లండ్‌లో జాన్ రస్కిన్ అనే పేరుమోసిన విమర్శకుడు, జేమ్స్ విస్లర్ వేసిన బొమ్మ చూసి, రంగు డబ్బా జనం మొహాన కొట్టి రెండొందల గినీలు అడుగుతున్నాడని రాశాడు. విస్లర్ పరువునష్టం దావా వేశాడు. 1878లో గెలిచాడు కూడా. కోర్టు ఇప్పించిన పరిహారం ఒక ఫార్దింగ్, అంటే పెన్నీలో నాలుగో వంతు. ఖర్చులు ఎవరివి వాళ్లే పెట్టుకోమన్నారు. మరుసటేడు మనిషి దివాలా తీశాడు. ఇంకా ముచ్చటగా కావాలంటే, 2006లో ఊవె బోల్ అనే జర్మన్ దర్శకుడు తనను తిట్టిన విమర్శకుల్ని బాక్సింగ్ రింగులోకి పిలిచి వరసపెట్టి ఓడించాడు. తర్వాత సినిమాల రివ్యూలు మాత్రం మారలేదు.

ఇంట్లోవాళ్లకి కూడా చెప్పిపెట్టు, ముఖ్యంగా మీ నాన్నకి. నా తమ్ముడి కోపం నాకు తెలుసు. 1950 డిసెంబరులో అమెరికా అధ్యక్షుడు హ్యారీ ట్రూమన్ కూతురు మార్గరెట్ కచేరీ చేస్తే, వాషింగ్టన్ పోస్ట్‌లో పాల్ హ్యూమ్ ఆమె బాగా పాడలేదనీ చాలాసేపు శ్రుతి తప్పిందనీ రాశాడు. తండ్రి పట్టలేక స్వయంగా ఉత్తరం రాశాడు, ఎదురుపడ్డావంటే నీకు కొత్త ముక్కు కావలసొస్తుందని. ఆ ఉత్తరం పేపర్లకెక్కింది. ఆ రోజు ఆ పిల్ల ఏం పాడిందో ఇవాళ ఎవరికి గుర్తు? ముక్కు సంగతి మాత్రం అందరికీ గుర్తే. నీ అభిమానులు అయిదొందల మంది ఉన్నా అయిదు లక్షల మంది ఉన్నా, వాళ్లని ఆయన మీదికి ఉసిగొల్పడం కూడా ఇలాంటిదే.

మీ నాన్న ఇంకోటి కూడా అంటాడు, 'ఏనుగు పోతుంటే కుక్కలు మొరుగుతాయిలే' అని. ఆ సామెత మనవాళ్లను చెడగొట్టినంతగా ఏ రివ్యూ చెడగొట్టలేదు. విన్న ప్రతివాడూ తానే ఏనుగనుకుంటాడు మరి. జవాబు చెప్పొద్దన్నానే గానీ వినొద్దనలేదు.

వినడం ఎలాగో చెప్తా. ఇక్కడే అసలు పని ఉంది. రివ్యూ వచ్చిన రోజు చదవకు, మూడో రోజు చదువు. పెన్సిల్ పట్టుకుని చదువు. ఆయన ఏం చూశాడో చెప్పిన వాక్యాలు కొన్నుంటాయి, ఆయనకేమనిపించిందో చెప్పిన వాక్యాలు కొన్ని, నీ గురించి అన్నవి కొన్ని. మూడో రకాన్ని కొట్టెయ్. రెండో రకం కింద గీత గియ్యి. 'విసుగొచ్చింది' అంటే నిజంగానే వచ్చింది, దాన్ని కాదనే హక్కు నీకు లేదు. కాకపోతే విసుగు ఎక్కడ పుట్టిందన్నది ఆయనకు తెలియాల్సిన పని లేదు. అది నువ్వు వెతుక్కోవాలి.

నేను ఎడిట్ చేసిన ఒక సినిమాకి విడుదలకు ముందు తెలియనివాళ్లను ఓ ముప్పై మందిని కూర్చోబెట్టి వేసి చూపించాం. ఇంటర్వెల్ తర్వాత సాగుతోందని దాదాపు అందరూ అన్నారు. మేం ఇంటర్వెల్ తర్వాత నాలుగు నిమిషాలు కత్తిరించాం. మళ్లీ ఇంకొందరికి వేశాం. ఇంకా సాగుతోందన్నారు! డైరెక్టర్ తల పట్టుకున్నాడు, జనానికి ఓపిక లేదన్నాడు. నేను ఆ రాత్రి మొదటి సగం ఒంటరిగా వేసుకుని చూశాను. హీరోయిన్ ఇల్లు వదిలి వెళ్లేముందు తల్లి గది తలుపు దాకా వచ్చి, గడియ మీద చెయ్యి వేసి, తియ్యకుండా వెనక్కి తిరిగే షాట్ ఒకటుండేది. నలభై సెకన్లు. నిడివి ఎక్కువైందని నేనే తీసేశాను. అది లేకపోయేసరికి ఆ అమ్మాయి ఎందుకు వెళ్లిందో ఎవరికీ పట్టలేదు, ఆ తర్వాత ఆమె ఏం చేసినా వాళ్లకు అక్కర్లేకపోయింది. ఆ నలభై సెకన్లు తిరిగి పెట్టాను. తీసేసిన నాలుగు నిమిషాలూ పెట్టేశాను. మూడోసారి ఎవరూ సాగిందనలేదు. నొప్పి చెప్పడం వరకే వాళ్ల వంతు, రోగం మాత్రం వాళ్లు చూపించినచోట ఉండదు.

2003లో కాన్స్ సినిమా పండగలో విన్సెంట్ గాలో అనే అమెరికా దర్శకుడి సినిమా చూసి, రోజర్ ఈబర్ట్ అనే విమర్శకుడు ఈ పండగ చరిత్రలోనే ఇంత చెత్త సినిమా రాలేదన్నాడు. గాలో ఆయన్ని లావు పందన్నాడు, రోగమొచ్చి పోవాలని శాపనార్థాలు పెట్టాడు. ఈబర్ట్ ఊరుకుంటాడా, నేను ఎప్పటికైనా సన్నబడతాను గానీ నువ్వు ఆ సినిమా తీసినవాడిగానే ఉండిపోతావన్నాడు. ఈ తిట్లన్నీ అందరికీ తెలుసు. తర్వాత జరిగింది ఎవరూ చెప్పుకోరు. గాలో తన సినిమాలో దాదాపు ఇరవయ్యారు నిమిషాలు తీసేశాడు. 2004లో అదే ఈబర్ట్ మళ్లీ చూసి, బాగుందని నాలుగింటికి మూడు స్టార్లిచ్చాడు. కత్తెర పట్టినదాన్ని కాబట్టి నాకు ఈ కథంటే కాస్త పక్షపాతం, ఒప్పుకుంటా.

మరీ లోపలికి తీసుకోవడమూ ప్రమాదమే. 1970లో ఇంగ్లీషు దర్శకుడు డేవిడ్ లీన్ అంతటివాడు న్యూయార్క్‌లో ఒక హోటల్లో విమర్శకుల మధ్య కూర్చుంటే, వాళ్లు ఆయన కొత్త సినిమాని మొహం మీదే చీల్చి చెండాడారు. ఆ తర్వాత ఆయన ఫీచర్ సినిమా 1984లో గానీ రాలేదు. పద్నాలుగేళ్లు! మధ్యలో వేరే అడ్డంకులూ ఉన్నాయి గానీ, ఆ పూట తన ధైర్యం పోయిందని ఆయనే చెప్పుకున్నాడు. అందుకని విమర్శకులతో భోజనానికి పిలిస్తే వెళ్లకు. నేను సరదాకి అనడం లేదు.

ఇక నీ స్టాండప్ సంగతి. అడ్డుపడేవాళ్లను ఇంగ్లీషులో హెక్లర్లంటారు కదా, అది అవిసె నారను ఇనుప పళ్ల దువ్వెనతో దువ్వే పనివాళ్ల పేరు. స్కాట్లండ్‌లో డండీ అనే ఊళ్లో, పని జరుగుతుండగా ఒకడు పేపరు చదివి వినిపిస్తుంటే మిగతావాళ్లు ప్రశ్నలేసి వాణ్ణి చిక్కుల్లో పెట్టేవాళ్లట. వాడుక అక్కణ్ణుంచి వచ్చిందంటారు.

ఎవరైనా అరిస్తే నువ్వు మొదట చెయ్యాల్సింది ఒకటే, వాడన్నది మైకులో తిరిగి చెప్పు. 'ముందు వరసలో ఈయన, ఈ జోకు పాతదంటున్నారు' అని. వెనకాల కూర్చున్నవాళ్లకు వాడి మాట వినపడి ఉండదు, నీ మొహం మాడడం మాత్రం కనపడుతుంది. వాడేమన్నాడో తెలియకుండా నువ్వు విరుచుకుపడితే వాళ్లకు నువ్వే రౌడీలా కనిపిస్తావు. పైగా తిరిగి చెప్పేలోపు నీకు ఆలోచించుకోడానికి రెండు మూడు సెకన్లు దొరుకుతాయి. వాడి గొంతు కంటే నీ గొంతు తగ్గించు. వాడు ఒకటంటే నువ్వు ఒకటే అను, రెండనకు. చేతిలో మైకున్నవాడు రెండో దెబ్బ కొట్టగానే హాలు అవతలివాడి వైపు తిరిగిపోతుంది. మైకు మాత్రం చచ్చినా వాడి చేతికివ్వకు.

1894లో లండన్లో బెర్నార్డ్ షా నాటకం మొదటి రోజు, జనమంతా చప్పట్లు కొడుతుంటే ఒక్కడు మాత్రం ఛీ కొట్టాడు. షా అతని వైపు తిరిగి, 'మిత్రమా, నాదీ నీ అభిప్రాయమే, కానీ ఇంతమంది ముందు మనిద్దరం ఏం చేయగలం?' అన్నాడట. ఎంత గడుసుదనమో చూడు. వాణ్ణి కొట్టలేదు, పక్కకెళ్లి నిలబడ్డాడు. చెప్పింది వాడికి, విన్నది హాలంతా.

దీనికి తలకిందులుగా జరిగింది 2006లో, లాస్ ఏంజెలెస్‌లో. మైకెల్ రిచర్డ్స్ అనే పేరున్న కమెడియన్, అడ్డుపడిన కుర్రాళ్ల మీద వాళ్ల జాతినెత్తి పరమ నీచంగా తిట్టాడు. ఎవరో ఫోన్లో తీశారు. టీవీలో క్షమాపణ చెప్పుకున్నాడు గానీ స్టేజీ మీది బతుకు అక్కడితో అయిపోయింది. అంతకు ముందు ఆ కుర్రాళ్లు ఏమన్నారో ఎవరూ అడగలేదు.

అరిచే ప్రతివాడూ నీ శత్రువు కాదు. చాలామంది నీకు సాయం చేస్తున్నామనే అనుకుంటారు. తాగినవాడితో వాదన పెట్టుకోకు, వాణ్ణి మేనేజరుకి వదిలెయ్. షో మొదలవకముందే ఆయనతో మాట్లాడుకో, నువ్వు ఏ సైగ చేస్తే ఎవరొచ్చి బయటికి తీసుకెళ్తారో. ఎవరికైనా నిజంగా మనసు నొచ్చి అరిస్తే ఆగి విను, గొంతులోనే తేడా తెలిసిపోతుంది.

నాకు తెలియలేదనుకో, ఒకసారి. నాటకం రెండో రంగంలో వెనక నుంచి ఒక పెద్దాయన 'వినపడట్లా!' అని అరిచాడు. నేను పాత్రలో ఉండగానే, 'చెవులు ఇంట్లో పెట్టి వచ్చారా బాబాయిగారూ' అన్నాను. ముందు వరసలన్నీ గొల్లున నవ్వాయి. నాకు భలే గర్వమేసింది. ఆట అయ్యాక సౌండ్ కుర్రాడు వచ్చి, ఎడమ వైపు స్పీకర్ వైరు మొదటి రంగంలోనే ఊడిపోయిందక్కా అన్నాడు. ఎడమ వైపు కూర్చున్నవాళ్లంతా గంటన్నరసేపు మా పెదాలు కదలడమే చూశారు. నా జోకు కూడా వాళ్లకు వినపడి ఉండదు.

అందుకే నీ తరఫున ఒక మనిషిని వింగ్‌లో, అంటే స్టేజీ పక్క తెరచాటున, పెట్టుకో. 1913 మే 29న పారిస్‌లో స్ట్రావిన్‌స్కీ బ్యాలే మొదటిసారి ఆడినప్పుడు, జనం గోలకి డాన్సర్లకు ఆర్కెస్ట్రాయే వినపడలేదు. ఆ డాన్సు కూర్చిన నిజిన్‌స్కీ వింగ్‌లో కుర్చీ ఎక్కి నిలబడి అంకెలు అరుస్తూ తాళం అందించాడు. కింద కండక్టర్ పియెర్ మాంత్యూ చివరి దాకా ఆపలేదు. నీకు అంకెలు అరవక్కర్లేదులే, ఊడిన వైరు చూసి చెప్పేవాడుంటే చాలు.

బూతులు, చంపుతామనడాలు, ఆడపిల్లల ఒంటి మీద కూతలు, పుట్టుక మీద మాటలు, వీటిని విమర్శల్లో కలపకు. నీ హీరోయిన్‌కి అలాంటివి వస్తున్నాయని విన్నాను. ఆ పిల్లను జవాబివ్వొద్దను, చెరిపెయ్యొద్దను. తేదీ, టైము కనపడేలా స్క్రీన్‌షాట్లు తీసిపెట్టి పోలీసులకు ఇవ్వండి. ఒంటరిగా పంపకు, నువ్వూ వెళ్లు.

ఇక నీ పదకొండు పేరాలు. డిలీట్ చెయ్యకు, నాకిష్టం. మూడో పేరాలో ఆయన మీసం మీద రాసింది చదివి టీ పొలమారింది. అయితే ఏడో పేరా మళ్లీ చదువుకో. 'ఆస్పత్రి సీన్లో తండ్రి ఎందుకు నవ్వాడో అర్థం చేసుకోలేని మీకు' అని మొదలుపెట్టి, ఎందుకు నవ్వాడో ఆరు వాక్యాల్లో వివరించావు. ఆ ఆరు వాక్యాలూ సినిమాలో లేవురా. నేను రెండుసార్లు చూశాను, నాకూ అర్థం కాలేదు, నువ్వు బాధపడతావని అడగలేదు.

ఆదివారం పొద్దున వచ్చెయ్. ఆ సీన్‌కి తీసి వాడని షాట్లన్నీ హార్డ్ డిస్క్‌లో వేసుకుని తీసుకురా, తండ్రి క్లోజప్‌లు ముఖ్యంగా.

మీ అత్తయ్య