పాత ఓపెన్ టాప్ బెంజి కొనబోతున్న మేనల్లుడికి

బరంపురం

చి. రవికి మావయ్య ఆశీస్సులు.

హైదరాబాద్‌లో 2008 మోడల్ బెంజి ఎస్‌ఎల్‌కె 200 ఒకటి అమ్మకానికి ఉందని, వచ్చే వారం చూడ్డానికి వెళ్తున్నావని మీ అమ్మ చెప్పింది. వద్దని నేను అనను. అదే వరస బండిని ఏళ్ళ తరబడి నడుపుతున్నవాణ్ణి, దాంట్లో ఉండే ఆనందం నాకు తెలుసు. కానీ నువ్వుండేది గోపాల్‌పూర్‌లో, సముద్రం పక్కన. హైదరాబాద్‌లో ఆ కారు చూసింది ఎండా దుమ్మూ. ఇక్కడ దానికి ఏడాది పొడుగునా ఉప్పు గాలి, జూన్ నుంచి అక్టోబరు దాకా వాన. ఫోన్లో చెబితే సగం మర్చిపోతావని రాస్తున్నాను. కాగితం దగ్గర పెట్టుకో.

ముందు డబ్బు సంగతి. కొత్త చిన్న కారు ధరకే బెంజి వస్తోందని సంబరపడుతున్నావు. తగ్గింది కారు ధర ఒక్కటే నాయనా. స్పేర్ పార్టుల ధర తగ్గలేదు, ఏటా పెరుగుతోంది కూడా. కొన్న ధరలో మూడో వంతు విడిగా తీసి పెట్టుకో. టైర్లు, బ్యాటరీ, ఆయిళ్ళు, రబ్బరు గొట్టాలు అని మొదటి ఏడాదే అందులో చాలా భాగం పోతుంది. అంత డబ్బు చేతిలో లేకపోతే ఇంకో ఏడాది ఆగు. ఇది అప్పు చేసి కొనాల్సిన బండి కాదు.

ఇక టాప్. ఈ కారు కొనేవాళ్ళందరూ ముందు ఇంజను చూస్తారు, పెయింటు చూస్తారు. నువ్వు ముందు టాప్ చూడు. దీనిది గుడ్డ టాప్ కాదు. ఉక్కు టాప్ రెండుగా మడత పడి డిక్కీలోకి వెళ్తుంది. 1996లో వచ్చిన మొదటి ఎస్‌ఎల్‌కెతోనే బెంజి వాళ్ళు ఈ పద్ధతి తెచ్చారు. నువ్వు చూస్తున్నది 2004లో వచ్చిన రెండో తరం. కంపెనీ లెక్క ప్రకారం టాప్ పూర్తిగా తెరుచుకోవడానికి 22 సెకన్లు. వాచీ చూస్తూ తెరిపించు. ఒకసారి చూపించి చాలంటారు, వినకు. కారు కాసేపు తిరిగి వేడెక్కాక ఇంకో రెండు సార్లు తెరిపించి మూయించు. ఒక పక్క ముందూ ఇంకో పక్క వెనకా కదులుతున్నా, మధ్యలో ఆగి మళ్ళీ కదులుతున్నా, పంపు మూలుగుతూ టాప్ నెమ్మదిగా లేస్తున్నా లోపల ఏదో తేడా ఉన్నట్టే.

ఆ పంపు డిక్కీలో ఉంటుంది. అక్కణ్ణుంచి సన్నటి గొట్టాల్లో ఆయిల్ వెళ్ళి సిలిండర్లని తోస్తుంది. వాటిలో సీళ్ళు వయసు మీద గట్టిపడి ఆయిల్ కారుస్తాయి. డిక్కీలో పక్క లైనింగు కాస్త లాగి వేలితో తడిమి చూడు, జిడ్డు తగిలితే అదే. ఆయిల్ తగ్గింది కదా అని బ్రేక్ ఆయిలో, చేతికందిన ఇంకో ఆయిలో పోసినవాళ్ళున్నారు. దాని ఆయిల్ వేరు. వేరేది పోస్తే ఉన్న సీళ్ళన్నీ ఉబ్బి పాడవుతాయి. సిలిండర్ కారుతోందనగానే కొత్తదే వేయాలని కొందరు మెకానిక్కులు అంటారు. సీళ్ళు మార్చి అదే సిలిండర్ మళ్ళీ వాడుకోవచ్చు. ఆ పని చేసేవాళ్ళున్నారు, ఖర్చు బాగా తగ్గుతుంది.

టాప్ కదలకపోతే వెంటనే పంపు పోయిందని నమ్మకు. ముందు డిక్కీలో సామాను మీదికి లాగే తెర పూర్తిగా లాగి కొక్కెం తగిలించి ఉందో లేదో చూడు. అది సరిగ్గా లేకపోతే టాప్ కదలనే కదలదు, కారు కావాలనే అలా చేసింది. తర్వాత డిక్కీ మూత మడత దగ్గర వైర్లు చూడు. మూత లేచి పడుతూ ఉంటే అక్కడ వైర్లు వంగి వంగి లోపల తెగుతాయి, పైకి తొడుగు బాగానే కనిపిస్తుంది. నేను చూసిన ఒక బండికి పంపు మార్చాలని పెద్ద లెక్క చెప్పారు. తీరా చూస్తే అక్కడ ఒక వైరు తెగి ఉంది. దాన్ని అతికి కొత్త తొడుగు వేస్తే సరిపోయింది.

నడిపేటప్పుడు కూడా కొన్ని గుర్తుంచుకో. టాప్ తెరిచేటప్పుడు ఇంజను ఆన్‌లో ఉండాలి, లేకపోతే బ్యాటరీ మీద భారం పడుతుంది. కారు చదునైన నేల మీద ఉండాలి. ఒక చక్రం గట్టు మీద ఉంటే బాడీ కాస్త మెలిపడుతుంది, టాప్ గొళ్ళెం సరిగ్గా కూర్చోదు. వెనక గోడకి ఆనించి పెట్టొద్దు. మూత వెనక్కి తిరిగి పైకి లేస్తుంది, పైన రేకు తక్కువ ఎత్తులో ఉంటే తగులుతుంది. డిక్కీ టాప్ మూసి ఉంటే 300 లీటర్లు, తెరిస్తే 208. కాబట్టి ఇంటిల్లిపాదీ సామాను దీంట్లో పెట్టి పర్లాకిమిడి పెళ్ళికి వెళ్దామనుకోకు.

నీళ్ళు. ఇదే నాకు అన్నిటికన్నా ఎక్కువ బెంగ. టాప్ ఉన్న ఏ ఓపెన్ కారైనా వాన నీళ్ళని పూర్తిగా ఆపదు, పట్టి గొట్టాల గుండా కిందికి వదులుతుంది. ఆ దారులు మూసుకుపోతే నీళ్ళు కారులోకే వస్తాయి. 2002 నుంచి 2008 దాకా వచ్చిన బీఎండబ్ల్యూ జెడ్4 గుడ్డ టాప్ కార్లలో టాప్ పంపు మోటారు సరిగ్గా ఆ నీళ్ళు చేరే మూలలోనే ఉంటుంది. డ్రెయిన్ మూసుకుపోయి మోటారు మునిగి చచ్చిన కార్లు ఎన్నో. నువ్వు చూస్తున్న దాన్లో పంపు డిక్కీలో ఉన్నా జాగ్రత్త మాత్రం అదే. డిక్కీ అడుగు మ్యాట్ ఎత్తి చూడు, తడో తుప్పో ఉందేమో. సీట్ల ముందు కార్పెట్ కింద చెయ్యి పెట్టు. ముక్కిపోయిన వాసన వస్తే కారు ఎంత మెరుస్తున్నా వద్దు. ఆ కార్పెట్ల కింద వైరింగూ కంట్రోల్ యూనిట్లూ ఉంటాయి, అవి తడిసి పాడైతే ఎక్కడ తప్పు ఉందో వెతకడానికే నెలలు పడుతుంది.

మీ ఇంటి ముందు వేపచెట్టు ఉంది కదా, దాని కింద పెట్టొద్దు. సన్నటి ఆకులు వైపర్ల దగ్గర జాలీలోకి జారి కుళ్ళి బురదైపోతాయి. వానలకి ముందు ఒకసారి, తర్వాత నెలకోసారి వాటిని చేత్తో ఏరి డ్రెయిన్లలో కాసిని నీళ్ళు పోసి కారు కింద పడుతున్నాయో లేదో చూడు. మూసుకుపోతే గడ్డి కోసే మిషన్‌లో వాడే నైలాన్ తీగ ముక్క మెల్లగా పోనివ్వు. ఇనుప తీగ వాడితే గొట్టం చిరుగుతుంది. కంప్రెసర్ గాలి కొడితే లోపల అతుకు ఊడుతుంది, అప్పుడు నీళ్ళు ఇంకెక్కడికి పోతాయో కనిపించదు కూడా.

తలుపులకీ టాప్‌కీ ఉన్న రబ్బర్లకి రెండు మూడు నెలలకోసారి రబ్బరు కోసం చేసిన లూబ్రికెంట్ పట్టించు. కొబ్బరినూనె, వాజ్‌లైన్ రాస్తే నల్లగా మెరుస్తాయి, కానీ లోపల పాడవుతాయి. వాటర్ సర్వీసింగ్‌లో గన్ పెట్టి టాప్ అతుకుల మీద కొట్టనివ్వకు. బీచ్ వైపు వెళ్ళొచ్చిన సాయంత్రం మాత్రం మామూలు పైపుతో చక్రాల పైన, కారు కింద నీళ్ళు పట్టు. బ్రేకు గొట్టాలూ జాకీ పెట్టే చోట్లూ ముందు తుప్పు పట్టేవి. ప్లాస్టిక్ కవరు కప్పితే లోపల చెమ్మ నిలుస్తుంది. గాలి ఆడే గుడ్డ కవరు, పైన పక్కా షెడ్డు ఉండాలి. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది, అప్పుడు చెట్ల కింద కార్లు ఏమయ్యాయో నీకు చెప్పక్కర్లేదు. తుపాను కబురు రాగానే కారు తీసుకొచ్చి మా షెడ్డులో పెట్టెయ్. నీళ్ళలో మునిగితే స్టార్ట్ చేసి చూద్దామని తాళం తిప్పకు.

ఇంజను సంగతి తక్కువే చెబుతాను, ఎందుకంటే అది గట్టిదే. 200లో ఉన్నది 1.8 లీటర్ల సూపర్‌చార్జర్ ఇంజను, దాన్ని ఎం271 అంటారు. రాత్రంతా ఆగి ఉన్న కారు పొద్దున స్టార్ట్ చేసినప్పుడు రెండు మూడు సెకన్లు గలగలమంటే టైమింగ్ చైన్, అంటే ఇంజను లోపలి గొలుసు, సాగింది, బేరం మానుకో. ఇంజను ముందు భాగంలో కామ్ సెన్సర్ల కనెక్టర్లు విప్పి చూడమను. అక్కడ ఆయిల్ కారితే వైరు లోపల్నుంచి పాకుతూ కంప్యూటర్ దాకా వెళ్తుంది. మధ్యలో వేసే చిన్న కేబుళ్ళు దొరుకుతాయి, తక్కువ ఖర్చు, కొన్న వెంటనే వేయించు. గేర్‌బాక్సు కనెక్టర్ దగ్గరా ఇదే జబ్బు. గేర్ ఆయిల్ జీవితాంతం మార్చక్కర్లేదని ఎవరన్నా అంటే వినొద్దు, మార్పించు. ఎవరైనా ఎస్‌ఎల్‌కె 350 చూపిస్తే, మొదటి ఏళ్ళ ఇంజనులో అదురు తగ్గించే బ్యాలెన్స్ షాఫ్టు గేరు అరిగిపోయేది, దాన్ని మార్చాలంటే ఇంజను దించాలి. మార్చినట్టు రుజువు లేకుండా దాని జోలికి పోకు.

ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ పెట్రోలు. ఇథనాల్ తేమని పీలుస్తుంది, మన ఊరి గాలిలో ఇంకా ఎక్కువ. నెలల తరబడి అదే పెట్రోలుతో ఆపి ఉంచకుండా వారానికోసారి అయినా ఛత్రపూర్ దాకా వెళ్ళిరా. ఎక్కువ రోజులు ఆపాల్సివస్తే బ్యాటరీకి నెమ్మదిగా చార్జి ఎక్కించే ట్రికిల్ చార్జర్ తగిలించు.

కాగితాలు. 2008లో రిజిస్టర్ అయితే 2023కే 15 ఏళ్ళు నిండాయి, ఆర్సీ రెన్యూ చేశారో లేదో ముందు చూడు. రెన్యువల్ అయిదేళ్ళకే ఇస్తారు. ఇది ఇంపోర్టెడ్ కారు కాబట్టి మామూలు కారుకి 5 వేలు అయితే దీనికి 40 వేలు, 2022 ఏప్రిల్ నుంచీ అదే. 20 ఏళ్ళు దాటిన ఇంపోర్టెడ్ కారుకి 2025 ఆగస్టులో 80 వేలు చేశారు. 2028 తర్వాత నీ బండి ఆ లెక్కలోకి వస్తుంది, ఇప్పుడే బేరంలో చూసుకో. తెలంగాణ నుంచి అభ్యంతరం లేదనే పత్రం (ఎన్‌ఓసీ), దానికీ పేరు మార్పిడికీ కావలసిన ఫారం 28, 29, 30 సంతకాలు పూర్తయ్యాకే డబ్బు మొత్తం ఇవ్వు. ఇక్కడికి తెచ్చాక ఏడాదిలోపు ఓడీ-07 నంబరు చేయించాలి, ఒడిశా పన్ను దానికి విడిగా కట్టాలి.

ఇంకొకటి. కారు దారిలో ఆగితే, నాలుగు చక్రాలూ పైకెక్కించుకునే ఫ్లాట్‌బెడ్ లారీ మీద మాత్రమే ఎక్కించు. ఇది ఇంజను వెనక చక్రాలని తిప్పే ఆటోమేటిక్, తాడు కట్టి ఎన్‌హెచ్-16 మీద లాక్కొస్తే గేర్‌బాక్సు పోతుంది.

వెళ్ళే ముందు రోజు అమ్మేవాళ్ళకి ఫోన్ చేసి, నువ్వు వచ్చేదాకా ఇంజను స్టార్ట్ చేయొద్దని చెప్పు. చైను చప్పుడు చల్లటి ఇంజనులోనే తెలుస్తుంది. బోనెట్ మీద చెయ్యి పెట్టి చూడు, వెచ్చగా ఉంటే టిఫిన్ తినేసి మళ్ళీ సాయంత్రం రా. టైర్ల మీద నాలుగంకెల తేదీ చదువు, మొదటి రెండు వారం, తర్వాతి రెండు ఏడాది. ఆరేళ్ళు దాటితే గాళ్ళు ఎంత లోతుగా ఉన్నా మార్చాలి. 17 అంగుళాల చక్రాలుంటే టైర్ల సైజు ముందు 225/45, వెనక 245/40. ఆర్సీ ఫోటోనీ, ఛాసిస్ నంబరునీ, టాప్ తెరిచేటప్పుడు తీసిన వీడియోనీ సౌండుతో నాకు పంపు. ఆ పంపు చప్పుడు విన్నాకే నా మాట చెబుతాను, అంతవరకూ అడ్వాన్సు ఇవ్వకు.

నీ మావయ్య