అనాథల రైళ్లు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: ఒకప్పుడు అమెరికాలో న్యూయార్క్ వీధుల్లో తిరిగే దిక్కులేని పిల్లలను రైలెక్కించి పల్లెల్లోని రైతు కుటుంబాలకు అప్పగించేవారని చదివాను. ఇది నిజమేనా? దీన్ని ఎవరు, ఎందుకు మొదలుపెట్టారు? వాళ్లంతా తల్లిదండ్రులు లేని పిల్లలేనా? – ఒక పాఠకురాలు

జవాబు: నిజమే. 1854 నుంచి 1929 వరకు, అంటే డెబ్బై అయిదేళ్లపాటు, అమెరికా తూర్పు తీరంలోని నగరాల నుంచి, అందులోనూ ముఖ్యంగా న్యూయార్క్ నుంచి, సుమారు రెండు లక్షల మంది పిల్లలను ఇలా తరలించారు. ఈ సంఖ్య రెండున్నర లక్షల దాకా ఉంటుందని అంచనా వేసినవారూ ఉన్నారు.

1840ల నుంచి ఐర్లాండ్ కరువు వల్లా, జర్మనీలోని ఇబ్బందుల వల్లా లక్షల మంది న్యూయార్క్‌కు వలస వచ్చారు. రేవుల్లోనూ కట్టడాల దగ్గరా కూలి దొరికిన రోజు తిన్నారు, దొరకని రోజు పస్తున్నారు. తండ్రి ప్రమాదంలో పోయినా, తల్లి జబ్బున పడినా ఆ ఇంటిని ఆదుకునే భృతి కానీ, బీమా కానీ అప్పట్లో లేవు. పిల్లలు పేపర్లు, అగ్గిపెట్టెలు అమ్ముకుంటూ, చెత్తలో గుడ్డపేలికలు ఏరుకుంటూ, మెట్ల కిందా పీపాల్లోనూ పడుకుంటూ రోజులు వెళ్లదీసేవారు. పోలీసుల చేతికి చిక్కితే పెద్ద నేరస్థులతో పాటు జైల్లో ఉండాల్సి వచ్చేది. నగర పోలీసు అధిపతి జార్జ్ మాట్‌సెల్ 1849 నాటి తన నివేదికలోనే ఈ పిల్లల సంఖ్య పెరిగిపోతోందని హెచ్చరించాడు.

ఈ పరిస్థితిని చూసి చలించిన చార్లెస్ లోరింగ్ బ్రేస్ అనే యువ మతబోధకుడు, మరికొందరితో కలిసి 1853లో చిల్డ్రన్స్ ఎయిడ్ సొసైటీని స్థాపించాడు. అప్పటికి ఆయన వయసు 26 ఏళ్లు. మరుసటి ఏడాది పేపర్లు అమ్మే కుర్రాళ్ల కోసం ఒక వసతిగృహం తెరిచి, రాత్రికి ఆరు సెంట్లు తీసుకుని పడక ఇచ్చే ఏర్పాటు చేశాడు. ఉచితంగా ఇస్తే వాళ్ల స్వాభిమానం దెబ్బతింటుందని ఆయన నమ్మాడు. వందల మందిని ఒక్క కప్పు కింద ఉంచి, గంట కొడితే లేవడం, గంట కొడితే తినడం నేర్పే అనాథాశ్రమాలంటే ఆయనకు గిట్టేది కాదు. అక్కడ పెరిగిన పిల్లలకు సొంతంగా బతికే చేవ రాదని, పిల్లవాడికి కావలసింది సంస్థ కాదు, కుటుంబమని ఆయన వాదించాడు. ఆ రోజుల్లో ఇంత స్పష్టంగా ఈ మాట చెప్పినవారు తక్కువ. ఆయన ఆలోచనలో నాకు అన్నిటికంటే విలువైనదిగా కనిపించే భాగం ఇదే.

అదే సమయంలో పడమటి రాష్ట్రాల్లో భూమి విస్తారంగా ఉండి పనిచేసే చేతులు కరువయ్యాయి. రైలుమార్గాలు ఏటికేడాది ముందుకు సాగుతున్నాయి. ఆశ్రమంలో ఒక పిల్లవాణ్ని ఏళ్ల తరబడి పోషించడానికయ్యే ఖర్చుతో పోలిస్తే రైలు టికెట్టు చాలా చవక. ఇన్ని కారణాలు కలిసివచ్చాయి కాబట్టే ఒక మనిషి ఆలోచన అంత పెద్ద వ్యవస్థగా మారింది. బోస్టన్‌లోని ఒక సంస్థ బ్రేస్ కంటే ముందే, 1850 నుంచే పిల్లలను పొరుగు రాష్ట్రాల పల్లెలకు పంపుతూ వచ్చింది. అయితే ఆ పనిని దేశవ్యాప్తం చేసినవాడు బ్రేసే.

1854 సెప్టెంబరులో దాదాపు 45 మంది పిల్లలతో మొదటి బృందం బయలుదేరింది. పడవ మీద ఆల్బనీ వరకు, అక్కడి నుంచి రైల్లోనూ సరస్సు మీద ఓడలోనూ ప్రయాణించి అక్టోబరు 1న మిషిగన్ రాష్ట్రంలోని డోవాజియాక్ అనే చిన్న ఊరు చేరింది. ఆ రోజు ఆదివారం. వెంట వచ్చిన సొసైటీ ప్రతినిధి ప్రార్థనకు వచ్చిన జనానికి పిల్లలను చూపించి విషయం వివరించాడు. పిల్లలను తీసుకునేవారు తమ పాదిరి నుంచీ స్థానిక న్యాయాధికారి నుంచీ సిఫారసు పత్రం తేవాలన్న నిబంధన పెట్టినా, అది గట్టిగా అమలైనట్టు కనిపించదు. వారం తిరిగేసరికి చాలామందికి ఇళ్లు దొరికాయి, మిగిలిన చిన్నపిల్లలను ఇంకా పడమటికి తీసుకెళ్లారు. ఈ ప్రయాణం విజయవంతమైందన్న నమ్మకంతోనే తర్వాతి రైళ్లు కదిలాయి. మిషిగన్, ఇండియానా, ఇల్లినాయ్, అయోవా, మిస్సోరి, కాన్సస్, నెబ్రాస్కా రాష్ట్రాలకు వేలాది మంది వెళ్లారు. అయితే ఒక్కో రాష్ట్రం లెక్క తీస్తే న్యూయార్క్ రాష్ట్రంలోని పల్లెలకే అందరికంటే ఎక్కువ మంది చేరారు.

ఇక మీ చివరి ప్రశ్న చాలా ముఖ్యమైనది. వాళ్లలో తల్లీ తండ్రీ ఇద్దరూ లేనివారు సగం కంటే తక్కువే. చాలామందికి తల్లో తండ్రో ఉన్నారు, కొందరికి ఇద్దరూ ఉన్నారు. మొగుడు పోయిన చాకిరీ మనిషి, తాగుడుకు బానిసైన భర్తను వదిలి వచ్చిన ఇల్లాలు, ఆసుపత్రి పాలైన కూలివాడు తమ పిల్లలను కొన్నాళ్లు చూసుకోమని ఏదో ఒక సంస్థలో అప్పగించి, మళ్లీ వచ్చేసరికి ఆ పిల్లలు వెయ్యి మైళ్ల అవతలికి చేరిన సందర్భాలున్నాయి. కొందరు తల్లులు అర్థం చేసుకునే సంతకం పెట్టారు. చదువు రాని చేత్తో వేలిముద్ర వేసినవారికి ఎంతవరకు అర్థమైందో ఊహించుకోవడం కష్టం కాదు.

ప్రశ్న: స్టేషన్లలో పిల్లలను వరుసగా నిలబెట్టి, పశువులను చూసినట్టు పట్టి చూసి ఎంచుకునేవారని అంటారు. అలా వెళ్లినవారు ఆ ఇళ్లలో బిడ్డలుగా పెరిగారా, పాలేర్లుగా బతికారా? – ఒక ఉపాధ్యాయుడు

జవాబు: రెండు విధాలుగానూ జరిగింది.

రైలు రావడానికి కొద్ది వారాల ముందు ఊళ్లో కరపత్రాలు అంటించేవారు. పాదిరి, డాక్టరు, పత్రికా సంపాదకుడు, షావుకారు వంటి పెద్దలతో ఒక కమిటీ ఏర్పడేది, అడిగినవారికి పిల్లలను ఇవ్వవచ్చో లేదో చెప్పాల్సింది వాళ్లే. ఇరుగుపొరుగువాళ్లు, ఖాతాదారులు, సంఘంలో కలిసి తిరిగేవాళ్లు వచ్చి అడిగితే ముఖం మీద కాదనడం ఆ పెద్దలకు ఎంత ఇబ్బందో ఆలోచించండి. రైలు దిగేముందు పిల్లలకు ముఖాలు కడిగి, తల దువ్వి, కొత్త బట్టలు తొడిగేవారు. తర్వాత చర్చిలోనో, ఊరి నాటకశాలలోనో వేదిక మీద వరుసగా నిలబెట్టేవారు. కొందరు పిల్లలు పాట పాడేవారు, పద్యం చెప్పేవారు. రైతులు దగ్గరకు వచ్చి చేతి కండరాలు నొక్కి చూశారని, నోరు తెరిపించి పళ్లు చూశారని పెద్దయ్యాక చెప్పినవారు ఒకరిద్దరు కారు. బలమైన మగపిల్లలు, ముద్దొచ్చే పసిపిల్లలు ముందు వెళ్లిపోయేవారు. ఎవరూ ఎంచుకోనివారు మళ్లీ రైలెక్కి తర్వాతి ఊళ్లో మళ్లీ నిలబడేవారు. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఒకే వేదిక మీద విడిపోయేవారు, ఎందుకంటే ఒకేసారి ఇద్దరిని తీసుకునే ఇళ్లు అరుదు. దీనిని దారిద్ర్యం తెచ్చిన అనివార్యతగా నేను చూడలేను. తోబుట్టువులను కలిపి ఉంచాలన్న గట్టి నియమం ఉండి ఉంటే చాలా దుఃఖం తప్పేది.

సొసైటీ షరతులు కాగితం మీద స్పష్టంగానే ఉన్నాయి. 12 ఏళ్ల లోపు పిల్లలను చదువు, బట్టలు, క్రమశిక్షణ విషయాల్లో సొంత బిడ్డల్లాగే చూడాలి. 12 నుంచి 15 ఏళ్లవారు తిండికీ బట్టకూ పని చేస్తారు, కానీ ఏడాదిలో కొంతకాలం బడికి పంపాలి. పదిహేనేళ్లు నిండినవారు 18 ఏళ్లు వచ్చేదాకా పనిచేయాలి. చట్టబద్ధంగా కట్టిపడేసే ఒప్పందం లేదు కాబట్టి, పిల్లవాడు ఇమడకపోతే ఇటువారైనా అటువారైనా విరమించుకోవచ్చు. ప్రతినిధి ఏడాదికోసారి వచ్చి చూడాలి. ఒక్క ప్రతినిధి కింద వందల మంది పిల్లలు, వాళ్ల మధ్య మైళ్ల కొద్దీ మట్టిదారులు ఉన్నప్పుడు ఆ తనిఖీ ఎలా సాగుతుంది? పైగా యజమాని ఎదుటే, ఆ ఇంటి వంటగదిలోనే కూర్చోబెట్టి బాగున్నావా అని అడిగితే పదేళ్ల పిల్లవాడు ఏమని చెబుతాడు?

ప్రేమగా పెంచి, ఆస్తి రాసిచ్చినవాళ్లు ఉన్నారు. కొట్టాల్లో పడుకోబెట్టి, బడికి పంపకుండా, చలికాలం గడవగానే పనిలోకి దించినవాళ్లూ ఉన్నారు. 1859లో ఒకే బృందంలో ఇండియానాకు వెళ్లిన ఇద్దరు కుర్రాళ్లలో ఆండ్రూ బర్క్ తర్వాత నార్త్ డకోటా రాష్ట్రానికి, జాన్ బ్రాడీ అలాస్కా ప్రాంతానికి గవర్నర్లయ్యారు. ఈ పథకాన్ని మెచ్చుకునేవారు ఈ ఇద్దరి పేర్లూ తప్పక చెబుతారు. తాము పంపినవారిలో 87 శాతం మంది బాగుపడ్డారని 1910లో సొసైటీ ప్రకటించింది. ఆ లెక్క వేసింది పంపినవాళ్లే. బాగుపడటమంటే జైలుకు పోకపోవడమా, ప్రేమ దొరకడమా అన్నది ఆ శాతంలో కనిపించదు. 1884లో మినెసోటా ధార్మిక సంస్థల బోర్డు కార్యదర్శి హేస్టింగ్స్ హార్ట్ తన రాష్ట్రానికి వచ్చిన పిల్లల గురించి విచారణ జరిపాడు. వచ్చినవాళ్లంతా నేరస్థులేనన్న ఆరోపణను ఆయన కొట్టిపారేశాడు, కానీ విచారించకుండా తొందరపడి అప్పగిస్తున్నారని, తర్వాత పట్టించుకోవడం సరిగా లేదని నిర్ధారించాడు. బయటివాడు చేసిన ఈ విచారణకే నేను ఎక్కువ విలువ ఇస్తాను.

ప్రశ్న: ఇందులో మతం ప్రమేయం ఉందా? – ఒక పాఠకుడు

జవాబు: ఉంది. న్యూయార్క్ వీధి పిల్లల్లో ఐరిష్ కాథలిక్కులు చాలామంది. వాళ్లు వెళ్లిన ఇళ్లు ఎక్కువగా ప్రొటెస్టెంట్లవి. మా పిల్లల మతం మార్చేస్తున్నారని కాథలిక్ పెద్దలు గట్టిగా అభ్యంతరం చెప్పి, తమ పిల్లల కోసం సొంత సంస్థలు పెట్టుకున్నారు. 1869లో సిస్టర్ ఐరీన్ ఫిట్జ్‌గిబ్బన్ మొదలుపెట్టిన న్యూయార్క్ ఫౌండ్లింగ్ ఆశ్రమం గడపల్లో వదిలేసిన పసికందులను చేరదీసేది. అది కూడా తర్వాత రైళ్లను ఆశ్రయించింది, అయితే వేరే పద్ధతిలో. పాదిరి ముందుగానే కాథలిక్ కుటుంబాలను ఎంపిక చేసేవాడు. పిల్లల బట్టలకు అంకె వేసిన చీటీ కుట్టేవారు, అదే అంకె ఉన్న కాగితం తెచ్చినవారికి ఆ బిడ్డను ఇచ్చేవారు. వేదిక మీద నిలబెట్టే అవమానం ఇందులో లేదు.

అయినా 1904 అక్టోబరులో అరిజోనా ప్రాంతంలోని రాగి గనుల ఊళ్లు క్లిఫ్టన్, మోరెన్సీలలో ఈ పద్ధతే పెద్ద గొడవకు దారితీసింది. ఆశ్రమం పంపిన 40 మంది పసిపిల్లలను అక్కడి పాదిరి మెక్సికన్ కాథలిక్ కుటుంబాలకు కేటాయించాడు. తెల్లని ఐరిష్ పిల్లలు మెక్సికన్ల ఇళ్లకు వెళ్లడం చూసి అక్కడి తెల్ల స్త్రీలు కోపగించారు. ఆ రాత్రి తుపాకులు పట్టిన గుంపు ఇంటింటికీ వెళ్లి, అప్పటికే పక్కల్లో పడుకోబెట్టిన పిల్లలను లాక్కొచ్చింది. వారిలో 19 మందిని తెల్ల కుటుంబాలు తమ దగ్గరే ఉంచుకున్నాయి. మిగిలిన 21 మందిని సిస్టర్లు న్యూయార్క్‌కు తిరిగి తీసుకెళ్లారు. ఆశ్రమం కోర్టుకెక్కింది. అరిజోనా సుప్రీంకోర్టు 1905లో పిల్లల మేలు పేరు చెప్పి, ఎత్తుకెళ్లినవారి పక్షానే తీర్పు ఇచ్చింది. 1906లో అమెరికా సుప్రీంకోర్టు ఆ అప్పీలు తన పరిధిలోకి రాదని కొట్టివేసింది. బిడ్డను లాలించి నిద్రపుచ్చిన ఆ మెక్సికన్ తల్లుల గోడు విన్న న్యాయస్థానం ఒక్కటీ లేదు.

ప్రశ్న: వేరే దేశాల్లోనూ ఇలా జరిగిందా? – ఒక విద్యార్థిని

జవాబు: జరిగింది. బ్రిటన్ 1869 నుంచి సుమారు లక్ష మంది పిల్లలను కెనడాకు పంపింది. వాళ్లు పొలాల్లోనూ ఇళ్లలోనూ పనివాళ్లయ్యారు. తర్వాత ఆస్ట్రేలియాకూ పంపింది. 2009లో ఆస్ట్రేలియా ప్రధాని కెవిన్ రడ్, 2010లో బ్రిటన్ ప్రధాని గోర్డన్ బ్రౌన్ క్షమాపణ చెప్పారు. స్విట్జర్లాండ్‌లో పేదల పిల్లలను, పెళ్లికాని తల్లుల పిల్లలను అధికారులే రైతులకు పనికి అప్పగించే పద్ధతి ఇరవయ్యో శతాబ్దంలోనూ సాగింది. అక్కడి ప్రభుత్వం 2013లో క్షమాపణ చెప్పి, 2017 నాటి చట్టం ప్రకారం బాధితులకు తలా 25,000 ఫ్రాంకులు చెల్లించింది.

ప్రశ్న: చివరికి ఈ రైళ్లు ఎందుకు ఆగిపోయాయి? – ఒక పాఠకుడు

జవాబు: మొదటి దెబ్బ పిల్లలను పుచ్చుకున్న రాష్ట్రాల నుంచే వచ్చింది. బయటి రాష్ట్రం నుంచి తెచ్చిన పిల్లవాడు ప్రభుత్వానికి భారం కాడని పూచీకత్తు కట్టాలంటూ 1895లో మిషిగన్ చట్టం చేసింది. ఇండియానా, ఇల్లినాయ్, మినెసోటా, కాన్సస్, మిస్సోరి, నెబ్రాస్కా కూడా అలాంటి చట్టాలే తెచ్చాయి. ఆ రాష్ట్రాల్లో కొత్త భూములు దాదాపు నిండిపోయాయి, చికాగో వంటి నగరాల్లో వాళ్ల సొంత వీధి పిల్లలే తయారయ్యారు. బాలకార్మిక చట్టాలు, నిర్బంధ విద్య కూడా రైతుకు పిల్లవాడి చాకిరీ మీద ఉన్న ఆశను తగ్గించాయి.

అంతకంటే లోతైన మార్పు 1909లో వచ్చింది. ఆ ఏడాది అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ వైట్‌హౌస్‌లో పిల్లల సంరక్షణ మీద ఒక సమావేశం జరిపించాడు. పేదరికం ఒక్కటే కారణంగా బిడ్డను ఇంటికి దూరం చేయకూడదని, యోగ్యులైన తల్లులకు ఇంట్లోనే సాయం అందాలని ఆ సమావేశం తీర్మానించింది. 1911లో ఇల్లినాయ్ రాష్ట్రం తల్లులకు భృతి ఇచ్చే చట్టం చేసింది, ఇతర రాష్ట్రాలు ఒక్కొక్కటే అనుసరించాయి. 1912లో పిల్లల సంక్షేమం కోసం సమాఖ్య స్థాయిలో ఒక శాఖ ఏర్పడింది. 1929లో చివరి బృందం టెక్సస్ చేరేనాటికి, ఒకప్పుడు బిడ్డను రైలెక్కించాల్సి వచ్చిన వితంతువుకు నెలనెలా కొంత డబ్బు అందే వీలు చాలా రాష్ట్రాల్లో కలిగింది. 1935 నాటి సామాజిక భద్రత చట్టం ఆ సాయాన్ని దేశమంతటికీ విస్తరింపజేసింది. అయితే భృతి అందుకున్నవారిలో అత్యధికులు తెల్ల తల్లులే. నల్లజాతి పిల్లలను రైళ్లలోనూ పెద్దగా ఎక్కించలేదు, తొలినాళ్ల ఈ భృతిలోనూ వాళ్ల తల్లులకు దక్కింది చాలా కొద్ది.