మెటాసర్ఫేస్ సిగ్నల్‌ని ఎలా మళ్లిస్తుంది?

కర్నూలు కొండారెడ్డి బురుజు రాతిగోడ వెనక 5జీ అందకపోతే ఎదురుగా మెటాసర్ఫేస్ అనే ప్రోగ్రామబుల్ ప్యానెల్ పెట్టి అందించవచ్చా, అది లెక్కలు కూడా చేస్తుందా అని మీ ప్రశ్న.

అందించవచ్చు. ప్యానెల్ నిండా చిన్న రాగి పలకలు, ఒక్కోదానికి స్విచ్‌లా పనిచేసే ఒక డయోడ్ ఉంటాయి. సాదా డిజైన్‌లో డయోడ్ ఆన్‌లో ఉన్నప్పుడు తిరిగొచ్చే తరంగానికీ, ఆఫ్‌లో ఉన్నప్పుడు తిరిగొచ్చే తరంగానికీ ఫేజ్‌లో, అంటే ఎత్తుపల్లాల వరసలో, 180 డిగ్రీల తేడా. ఏవి ఆన్, ఏవి ఆఫ్ అన్న కోడ్ మారిస్తే ప్యానెల్ కదలకుండానే కిరణం పక్కకు తిరుగుతుంది. 2014లో చైనాలో టై జున్ కుయ్ బృందం చూపించింది ఇదే. 28 గిగాహెర్ట్జ్‌లో తరంగదైర్ఘ్యం 10.7 మిల్లీమీటర్లే, కాబట్టి పలక 5 మిల్లీమీటర్లుంటే సరిపోతుంది.

లెక్కలంటే, తరంగాలు ఒకదానితో ఒకటి కలవడమే కూడిక. ల్యాప్‌టాప్‌కి బదులు అనుకోకండి! పైగా మామూలు ప్యానెల్ సిగ్నల్‌ని పుట్టించదు. దానికే టవర్ కనబడకపోతే ఖర్చు దండగ.