చి. వంశీకి, ప్లేట్లు కొనే ముందు

చి. వంశీకి,

అత్తమ్మ ఆశీస్సులు. నువ్వు పంపిన లిస్టు నిన్న రాత్రి కూర్చుని మొత్తం చదివాను. పంక్, కంట్రీ కలిసిన పాటల రికార్డులు యాభై రెండు, ఒక్కోదాని పక్కన ధర. కొత్త ఉద్యోగం, కొత్త టర్న్‌టేబుల్, నీ సంబరం నాకు తెలుసు. అయినా ఆ లిస్టు పక్కన పెట్టు నాన్నా. ఇన్ని ఊళ్ల ప్లేట్లు ఒకేసారి తెచ్చి అల్మారాలో పెడితే అందులో ఏ ఒక్కటీ నీకు దగ్గర కాదు.

ముందు ఒక ఊరిని పట్టుకో.

ఎందుకంటున్నానో చెప్తాను. పంక్ అనే వేగమైన, గోలగోల రాక్ వాయించే పిల్లలు పాత కంట్రీ పాటల మీద, అంటే అమెరికా పల్లె పాటల మీద పడి, వాటిని పంక్ వేగంతో, కోపంతో వాయించడం 1980ల మొదట్లో అమెరికాలో చాలా చోట్ల మొదలైంది. అన్నిటికీ కలిపి కౌపంక్ అని పేరొచ్చింది. పేరు ఒకటే, సంగతి వేరు. ర్యాంక్ అండ్ ఫైల్ అనే బ్యాండులో పంక్ నుంచి వచ్చిన అన్నదమ్ములిద్దరు ఆస్టిన్‌కు మారి, 1982లో 'సన్‌డౌన్' తెచ్చారు. అందులో ఇద్దరి గొంతులు పక్కపక్కనే నడుస్తాయి. అదే కాలంలో నాష్‌విల్ నుంచి వచ్చిన స్కార్చర్స్ అనే బ్యాండును విను, గిటారు మీదికి వచ్చి పడుతుంది. నాష్‌విల్ అంటే కంట్రీ సంగీతం వ్యాపారం చేసే ఊరు. ఆ ఊళ్లో ఉండి ఆ పాటల్ని అంత గట్టిగా వాయించాలంటే ఎంత తెగింపు కావాలో ఆ శబ్దంలోనే తెలుస్తుంది. ఊరు తెలియకపోతే అది వట్టి గోలలాగే ఉంటుంది.

నా సంగతి చెప్తే నీకు ఇంకా బాగా అర్థమవుతుంది. నేను 1989లో సెయింట్ లూయిస్ వచ్చాను. ఆసుపత్రి ల్యాబ్‌లో రాత్రి డ్యూటీ. నాతో పనిచేసే ఒకామె నదికి అవతలి ఒడ్డున, ఇల్లినాయ్ వైపు, బెల్‌విల్‌లో ఉండేది. మా ఊరి పిల్లలు చేశారంటూ 1990లో ఒక క్యాసెట్ ఇచ్చింది. అంకుల్ టుపెలో అనే బ్యాండు, 'నో డిప్రెషన్' అనే ఆల్బమ్. ముగ్గురే ముగ్గురు కుర్రాళ్లు. మొదటి పాట పేరు 'గ్రేవ్‌యార్డ్ షిఫ్ట్'. అంటే రాత్రి షిఫ్టు. తెల్లవారుజామున డ్యూటీ దిగి కారులో ఆ పాట పెట్టుకున్న రోజు నాకు ఇప్పటికీ గుర్తుంది.

తర్వాత 1992లో వాళ్ల మూడో ఆల్బమ్ వచ్చింది. దాని పేరు 'మార్చ్ 16–20, 1992'. రికార్డు చేసిన ఐదు రోజులే పేరుగా పెట్టారు. జార్జియాలోని ఏథెన్స్‌లో చేశారు, ఆర్.ఈ.ఎం. అనే రాక్ బ్యాండు గిటారిస్టు పీటర్ బక్ ప్రొడ్యూసర్. ఎలక్ట్రిక్ గోల మానేసి, ఎక్కువగా మామూలు గిటార్లతో పాత పాటలు, సొంత పాటలు కలిపి పాడారు. అందులో 'కోల్‌మైనర్స్' అని గని కార్మికుల పాట ఉంది. మీ తాతయ్య కొత్తగూడెంలో బొగ్గు బాయి పనికి పోయి వచ్చినప్పుడు వాకిట్లో బకెట్ నీళ్లు ఎలా నల్లబడేవో మీ నాన్నను అడుగు. వేల మైళ్ల దూరంలో, నాకు ముక్కూ మొహం తెలియని కుర్రాడు అదే కష్టం పాడుతుంటే నేను వంటింట్లో నిలబడిపోయాను. బెల్‌విల్ చుట్టుపక్కల కూడా ఒకప్పుడు బొగ్గు గనులు ఉండేవని అప్పుడు తెలుసుకున్నాను. నా కొత్త ఊరు నాకు ఆ రోజు ఊరయింది.

కాబట్టి నువ్వుండే షికాగోనే నీ ఊరనుకో. అక్కడి నుంచే మొదలుపెట్టు. బ్లడ్‌షాట్ రికార్డ్స్ అని ఒక చిన్న కంపెనీ షికాగోలో పుట్టింది. దాని మొదటి రికార్డు 1994లో వచ్చిన 'ఫర్ ఎ లైఫ్ ఆఫ్ సిన్'. ఒకే బ్యాండుది కాదు, షికాగో చుట్టూ ఈ రకం పాటలు పాడే చాలామందిని ఒకచోట చేర్చిన సంకలనం. కొత్తగా వచ్చినవాడికి ఇలాంటి సంకలనాన్ని మించింది లేదు. ఒక్కో పాటా విని, మనసుకు పట్టిన ఇద్దరు ముగ్గురిని వెతుక్కుంటూ పో. మిగతావి వదిలెయ్. జాన్ లాంగ్‌ఫర్డ్ పేరు మాత్రం వదలకు. అతను వేల్స్ మనిషి. ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో మీకాన్స్ అనే పంక్ బ్యాండుతో మొదలుపెట్టాడు. 1984–85లో అక్కడ గని కార్మికుల పెద్ద సమ్మె జరిగినప్పుడు ఆ బ్యాండు కార్మికుల కోసం పాడింది. ఆ వేడిలోంచే 1985లో 'ఫియర్ అండ్ విస్కీ' వచ్చింది. ఫిడేలు, పంక్, ఓడిపోయినవాళ్ల పాటలు. ఆ మనిషే తర్వాత షికాగోలో స్థిరపడి వేకో బ్రదర్స్ అనే బ్యాండు పెట్టాడు. ఒక దేశం గని సమ్మె ఇంకో దేశం ఊళ్లో ఎలా వినిపిస్తుందో నీకే తెలుస్తుంది.

రెండో మాట. కవర్ వెనక ఉన్న చిన్న అక్షరాలు చదువు. పాట వింటూ చదువు. ఎవరు వాయించారు, ఏ ఊళ్లో రికార్డు చేశారు, ఎవరికి థ్యాంక్స్ చెప్పారు, అన్నీ. నాకు బాటిల్ రాకెట్స్ అనే బ్యాండు దొరికింది అలాగే. 'మార్చ్ 16–20' కవర్ మీద బ్రయన్ హెన్నెమన్ అనే పేరు కనబడింది. ఎవరా అని ఆరా తీస్తే, అంకుల్ టుపెలో వెంట తిరుగుతూ గిటార్లు చూసుకునే మనిషి. సెయింట్ లూయిస్‌కు దక్షిణంగా ఉన్న ఫెస్టస్ అతని ఊరు. 1993లో తన బ్యాండుతో మొదటి రికార్డు, 1994లో 'ది బ్రూక్లిన్ సైడ్' తెచ్చాడు. అందులో వెయ్యి డాలర్ల కారు మీద ఒక పాట ఉంది. చవగ్గా కొన్న డొక్కు కారు మనిషి జేబును ఎలా ఖాళీ చేస్తుందో చెప్పే పాట. ఇక్కడికి చదువుకోడానికి వచ్చిన మన పిల్లల్లో ఆ కారు కొననివాడు ఉన్నాడా చెప్పు!

చిన్న అక్షరాలు డబ్బు కూడా కాపాడతాయి. నీ లిస్టులో స్కార్చర్స్ 'ఫర్వర్' ఉంది, చాలా ధర పెట్టి "మొదటి ముద్రణ" అని రాశారు. ఆ బ్యాండు కట్టిన జేసన్ రింగెన్‌బర్గ్ మీ రాష్ట్రం వాడే, ఇల్లినాయ్‌లో పందుల పెంపకం చేసే కుటుంబం. 1981లో నాష్‌విల్ వెళ్లి దాన్ని కట్టాడు. 'ఫర్వర్' ముందు 1983లో ప్రాక్సిస్ అనే చిన్న లేబుల్ మీద వచ్చింది. మరుసటి ఏడాది ఈఎంఐ అమెరికా అనే రికార్డు కంపెనీ మళ్లీ తెచ్చినప్పుడు బాబ్ డిలన్ రాసిన 'యాబ్సొల్యూట్లీ స్వీట్ మేరీ' కలిపారు, బ్యాండు పేరులోంచి 'నాష్‌విల్' అన్న మాట తీసేశారు. అమ్మేవాడు పెట్టిన ఫోటోలో పాటల పేర్లు చూడు. ఆ పాట ఉంటే అది మొదటిది కాదు. వినడానికి రెండోదే బాగుంటుందని నా అభిప్రాయం, అది చవగ్గా కూడా దొరుకుతుంది.

సీడీలను చిన్నచూపు చూడకు. 1990లలో ఇలాంటి చిన్న బ్యాండ్లు చాలావరకు సీడీలే వేసుకున్నాయి, ప్లేటు వేయించే స్తోమత అందరికీ లేదు. పాత సీడీల డబ్బాలో రెండు మూడు డాలర్లకు దొరికే సరుకులో నాకు ప్రాణమైనవి చాలా ఉన్నాయి.

పాత ప్లేటు కొనేటప్పుడు కవర్లోంచి తీసి దీపం కింద వాలుగా పట్టుకుని చూడు. గీత కనబడితే దాని మీదుగా గోరు మెల్లగా పోనీ. గోరు తగిలితే సూది కూడా అక్కడ తడబడుతుంది, కొనకు. తగలకపోతే భయం లేదు, చిన్న చిటపట ఉంటుంది అంతే. అంచులే పట్టుకో. నిలబెట్టి పెట్టు, ఒకదాని మీద ఒకటి పేర్చకు. ఎండాకాలం కారులో వదిలి ఎక్కడికీ పోకు. ఒక జూలై మధ్యాహ్నం ట్రంకులో మరచిపోయిన నా పదకొండు ప్లేట్లు అప్పడాల్లా వంగిపోయాయి. అందులో మూడు నాకు మళ్లీ దొరకలేదు.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైనది. బ్యాండు ఇంకా బతికి ఉంటే వెళ్లి విను. ఆరోగ్యాలు, వయసులు ఎవరి చేతుల్లోనూ ఉండవు. అంకుల్ టుపెలో విడిపోతోందని తెలిశాక, చివరి కచేరీ 1994 మే 1న సెయింట్ లూయిస్‌లోనే, మిసిసిపీ నైట్స్ అనే క్లబ్బులో పెట్టారు. మేడే రోజు. మా ఇంటి నుంచి ఇరవై నిమిషాలు. ఆ రాత్రి నాకు డ్యూటీ. మార్చుకోమని ఎవరినైనా అడిగితే అడ్డు చెప్పేవాళ్లు కాదు. పాటల కోసం సెలవడగడానికి మొహమాటపడి డ్యూటీకి పోయాను. ఆ తర్వాత వాళ్లలో ఒకరు సన్ వోల్ట్ అనే బ్యాండు పెట్టుకున్నారు, ఒకరు విల్కో పెట్టుకున్నారు, రెండూ ఎన్నోసార్లు చూశాను. ఆ ముగ్గురితో మొదలైన ఆ బ్యాండును మాత్రం చూడలేకపోయాను. బాటిల్ రాకెట్స్ కూడా 2021లో ఆగిపోయింది. నువ్వు మొహమాటపడకు. బాస్‌ను అడుగు, టికెట్ కొను, పో.

వెళ్లినప్పుడు తలుపు దగ్గర బల్ల మీద ప్లేట్లు, టీషర్టులు పెట్టి అమ్ముతుంటారు. రికార్డు అక్కడే కొను. చాలాసార్లు అమ్మేది బ్యాండు మనిషే. ఆ డబ్బు నేరుగా వాళ్ల పెట్రోలుకు, తిండికి పోతుంది. నెట్‌లో పాత కాపీకి నువ్వు పెట్టే వంద డాలర్లలో పాట కట్టినవాడికి ఒక్క సెంటు కూడా ముట్టదు, ఆ సంగతి కొనే ముందు ప్రతిసారీ తలుచుకో. ఊరికి రాని బ్యాండయితే, బ్యాండ్లు తమ పాటలు అమ్ముకునే బ్యాండ్‌క్యాంప్ సైటులో చూడు. కొన్ని శుక్రవారాలు ఆ సైటు తన వాటా వదులుకుంటుంది, ఆ రోజు దాకా ఆగి కొను.

ఇంకొకటి. అంకుల్ టుపెలో మొదటి ఆల్బమ్‌కు పేరు ఎక్కడి నుంచి వచ్చిందంటే, కార్టర్ ఫ్యామిలీ 1936లో రికార్డు చేసిన భక్తి పాట నుంచి. డిప్రెషన్ అని పిలిచిన ఆర్థిక మాంద్యం కాలంలో, పైలోకంలోనైనా ఈ కష్టం ఉండదని పాడుకున్న పాట. రెండూ ఒకే రాత్రి, ఒకదాని తర్వాత ఒకటి విను. ముందు పాతది, తర్వాత కొత్తది. ఆ రాత్రి ఇంకేమీ పెట్టకు.

థ్యాంక్స్‌గివింగ్‌కు ఇటు వస్తానన్నావు, ఐదు గంటల డ్రైవే కదా. ఆ సంకలనం ఈలోపు కొని విని రా, ఎవరు నచ్చారో నాకు చెప్పాలి. 'ది బ్రూక్లిన్ సైడ్' సీడీ నా దగ్గర రెండున్నాయి, ఒకటి నీకు తీసి పెట్టాను. నది దాటి బెల్‌విల్ కూడా తీసుకెళ్తాను. బిరియానీ చేస్తాను, దారిలో తినకుండా రా.

మీ అత్తమ్మ