పికప్‌కి కేరవాన్ ట్రైలర్ కట్టి సుంకి ఘాట్ దిగొచ్చా?

జయపురం నుంచి కోరాపుట్, సాలూరు మీదుగా విశాఖకి పికప్ వెనక కేరవాన్ ట్రైలర్ (లోపల ఉండటానికి, పడుకోవడానికి వీలున్న లాగుడు బండి) తగిలించి వెళ్లొచ్చా అని అడిగారు. వెళ్లొచ్చు. కానీ ఇంజిన్ లాగుతుంది కదా అని బయల్దేరకండి. కోరాపుట్, సాలూరు మధ్య ఉన్న సుంకి ఘాట్ కొండదారిలో లాగడం కన్నా ఆపడం కష్టం.

ముందు నీళ్లు, గ్యాస్ సిలిండర్, సామాన్లతో సహా ట్రైలర్‌ని వేబ్రిడ్జి మీద తూయించండి. పికప్‌తో వచ్చిన మాన్యువల్‌లోని టోయింగ్ పరిమితి (వెనక ఎంత బరువు లాగొచ్చో ఆ హద్దు) దాటితే ఆ ఆలోచనే మానేయండి. చాలామంది మర్చిపోయేది, పికప్ వెనక ట్రైలర్ తగిలించే హుక్ మీద పడే బరువు. ట్రైలర్ బరువులో 10 నుంచి 15 శాతం అక్కడ పడాలి, తగ్గితే స్పీడులో వెనకభాగం ఊగుతుంది. 1,500 కిలోల ట్రైలర్‌కి అది 150 నుంచి 225 కిలోలు. అదీ పికప్ మోసే లోడు కిందే లెక్క, మీ కుటుంబం బరువుతో కలిపి.

ట్రైలర్‌కి సొంత బ్రేకులు లేకపోతే నేనైతే సుంకి ఘాట్ దిగను. బ్రేకులుంటే, పైనుంచే తక్కువ గేరులో దిగండి. బ్రేకు తొక్కిపట్టి ఉంచితే వేడెక్కి పట్టు పోతుంది. ట్రైలర్ ఊగిందా, టెన్షన్ పడి పికప్ బ్రేకు గట్టిగా తొక్కకండి. స్టీరింగ్ తిన్నగా పట్టుకుని యాక్సిలరేటర్ వదిలేయండి.