కోడి కప్పు: అడుగున ముద్ర చూసి అడ్వాన్స్ ఇవ్వకండి

అన్నా, అడుగున ఆరు చైనా అక్షరాలున్నాయి కాబట్టి ఇది చైనా మింగ్ వంశపు చక్రవర్తి చెంగ్‌హువా కాలం (1465–87) కోడి కప్పేనని (కోళ్ల బొమ్మలున్న చిన్న పింగాణీ కప్పు), రెండు లక్షలకే ఇస్తానని అమ్మేవాడు అన్నాడన్నారు. ఆ ముద్రను నమ్మకండి. దాదాపు రెండు వందల ఏళ్ల తర్వాత, చింగ్ వంశపు చక్రవర్తి కాంగ్‌షీ కాలంలోనే ఆ ముద్రతో నకళ్లు చేశారు. అసలువి ప్రపంచం మొత్తమ్మీద ఇరవై లోపే. 2014లో హాంకాంగ్ వేలంలో ఒకటి 28 కోట్ల హాంకాంగ్ డాలర్లు పలికింది. కొన్న చైనా కోటీశ్వరుడు లియు యిచియాన్ అందులో టీ తాగేశాడు, అది వేరే కథ!

భూతద్దం తీసుకెళ్లండి. కోడి చుట్టూ నీలి గీత మెరుపు పూత కింద, ఎరుపు, పచ్చ రంగులు పైన ఉండాలి. ప్రింటింగ్ చుక్కలు కనిపిస్తే లేచి వచ్చేయండి. గీతలు సరిపోయినా నకలు కావచ్చు, అందుకే పాత కొనుగోలు రసీదులు అడగండి. "రేపటికి ఉండదు" అని తొందరపెడితే టెన్షన్ పడకుండా ఫోన్ పెట్టేయండి.